వానల్లో రావద్దన్న ఇంటికి వానలోనే వెళ్ళాను

జూలై 11, శనివారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్న ఏడింటికి, రాజమండ్రి బస్సు కాంప్లెక్సులో, మా హారిక ఫోన్ స్పీకర్లోంచి వచ్చింది. "ఇప్పుడెందుకండీ రావడం? వానలు. ఎటు చూసినా బురదే. దసరాకి రండమ్మా, బావుంటుంది," అని ఒకావిడ ఎంతో ప్రేమగా చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ ఒకావిడ మా మేనత్త సత్యవతి. ఆత్రేయపురం దాటాక కాలవ గట్టు మీద, అతిథులకి అద్దెకిచ్చే రెండు గదులు ఆవిడవే. వానాకాలంలో ఆ గదులకి ఎవరూ ఎందుకు రావడం లేదో తెలుసుకుందామనే నేను బయల్దేరాను. హారిక నా హాస్టల్ స్నేహితురాలు, బస్సు ఎక్కించడానికి వచ్చింది. అత్త ఫోన్లో ఎలా మాట్లాడుతుందో విందామని సరదాగా దానిచేత గది అడిగించాను. బస్సు ఎక్కకముందే సగం జవాబు దొరికేసింది. వస్తామన్నవాళ్ళని మా అత్తే వద్దంటోంది.

అసలు ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఈ మధ్య మాటల పిచ్చి పట్టుకుంది. ఎక్కడ మంచి మాట వినిపించినా చిన్న పుస్తకంలో రాసుకుంటాను. ఆ సంగతి తెలిసి అత్త జూన్లో ఫోన్ చేసింది. "నువ్వేదో రాస్తున్నావంట కదే, జనం వచ్చేలా మా గదుల గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టు." చలికాలంలో ఆ గదులకి ఖాళీ ఉండదు. జూన్ నుంచి దసరా దాకా మాత్రం తాళాలే. ఊళ్ళో ఎరువుల కొట్టువాళ్ళు బస్తాలు పెట్టుకోవడానికి ఆ గదులు ఏడాది పొడవునా అద్దెకి అడుగుతున్నారు. సోమవారం జవాబు చెప్పాలి. మావయ్యకి ఇచ్చేయాలనే ఉంది. అత్తకి లేదు. కాలవ కనబడాలని కిటికీలు ఒక జానెడు కిందికి దించడానికి ఆవిడ మేస్త్రీతో వారం రోజులు పోట్లాడింది. ఆ కిటికీలకి అడ్డంగా యూరియా బస్తాలు పేరుస్తుంటే చూడడం ఆవిడ వల్ల కాదు.

నేను నా వంతు కష్టపడ్డాను. గోదావరి జిల్లాల్లో అద్దెకిచ్చే ఇళ్ళ గురించి అతిథులు ఇంటర్నెట్లో రాసినవన్నీ రాత్రులు కూర్చుని చదివాను. అత్త గదుల గురించి తొమ్మిదిసార్లు రాశాను. మొదటిసారి "ప్రకృతి ఒడిలో" అని మొదలుపెడితే హారిక చదివి, "ఎవరి ఒడిలో?" అంది. కొట్టేశాను. తొమ్మిదోది కూడా నాకు నచ్చలేదు. వానాకాలంలో అక్కడ ఒక రోజు గడపకుండా రాస్తే ఎలా ఉంటుంది మరి? అందుకే అతిథిలా వెళ్ళాలనుకున్నాను.

ఏడుంపావుకి పల్లెవెలుగు బస్సు కదిలింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ లేదు, మగవాళ్ళయితే యాభై రూపాయలు చేతిలో ఉంచుకుంటే చాలు. ధవళేశ్వరం దాటి బ్యారేజీ మీదికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. మీరు వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి. అటు గోదావరి కంటికి ఆననంత వెడల్పుగా ఉంటుంది. ఎడమవైపు కూర్చుంటే గేట్ల కింద దూకే నీళ్ళు కనిపిస్తాయి. నేను రెండువైపులా లేచి చూస్తుంటే కండక్టర్ గారు, "కూర్చోండమ్మా, పడతారు," అని విసుక్కుని, మళ్ళీ ఆయనే వంగి చూపించారు. "మొన్నటిదాకా తేటగా ఉండేదండి. ఎర్రనీరు దిగింది, చూడండి." నది మొత్తం చిక్కటి టీ రంగులో ఉంది. 'ఎర్రనీరు' అని పుస్తకంలో రాసుకున్నాను. బొబ్బర్లంక దగ్గర మలుపు తిరిగాక కాలవ మన పక్కనే నడుస్తుంది. ఎనిమిదిన్నరకి ఆత్రేయపురంలో దిగాను.

అక్కడినుంచి అత్త ఇంటికి ఆటో అరవై రూపాయలు. "ఎవరింటికండి?" అన్నాడు డ్రైవరు. సత్యవతి గారి గదులకన్నాను. అతను వెనక్కి తిరిగి మరీ చూశాడు. "వాళ్ళు వానాకాలం ఇవ్వరు కదండి? మొన్న నేనే ఇద్దర్ని తీసుకెళ్ళి, కాఫీ తాగించుకుని, మళ్ళీ బస్టాండులో దింపానండి."

"ఎవరికి కాఫీ తాగించారు?"

"ఆ ఇద్దరికీ, నాకూనండి. ఉప్మా కూడా పెట్టారు. గది మాత్రం ఇవ్వలేదు."

నేను దిగగానే అత్త తువ్వాలుతో ఎదురొచ్చింది. "ఇంత వానలో వచ్చావేంటే, బుద్ధుందా?" అంటూనే నా తల తుడిచి, పెసరట్టు పెట్టి, రెండోది వేస్తూ ఉండగా నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. జూన్, జూలై పేజీల్లో తారీఖుల పక్కన పెన్సిల్‌తో పేర్లు, ఫోన్ నంబర్లు. ప్రతి పేరు కింద ఒకటే మాట, "దసరాకి". మొత్తం పదకొండు పేర్లు. ఆఖరి పేరు మీద నేను వేలు పెట్టేసరికి, "ఆ అమ్మాయి పొద్దున్నే చేసింది. ఎవరో హారికంట, పాపం మర్యాదగా మాట్లాడింది," అంది అత్త. నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పేశాను.

అత్త గరిటెతో కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పీట మీద కూర్చుండిపోయింది. "కిందటేడు వానల్లో ఒక ముసలాయన, భార్య వచ్చారే. దుప్పట్లు రెండు రోజులు ఆరేసినా ఆరలేదు. చెమ్మ వాసన. వాళ్ళు ఒక్క మాట అన్లేదు. పొద్దున్న చూస్తే దుప్పటి మడిచి పక్కన పెట్టి, చీర పరుచుకుని పడుకున్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చిన మనిషికి పొడి దుప్పటి ఇవ్వలేనిదాన్ని, రండి అని ఎలా పిలుస్తాను?"

అత్త బద్ధకించి వద్దంటోందేమోనని నేను బస్సులో అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. "సరే, ఈ రోజు నేనే అతిథిని. మేనకోడల్ని కాదు. ఏం చూపిస్తావో చూపించు," అన్నాను.

"ఈ వానలో ఏముందే చూపించడానికి?"

"రోజూ నువ్వేం చేస్తావో అదే."

ఆవిడ గొడుగు తీసింది. పది నిమిషాలు నడిస్తే నాగమణి గారి ఇల్లు. ఆవిడ పూతరేకులు తీస్తారు. సీజన్లో ఆ గుమ్మం ముందు జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసుకుంటారు, లోపలికి రానివ్వడానికి చోటుండదు. ఈ రోజు పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు ఆవిడ ఒక్కరే ఉన్నారు. ఎండు కొబ్బరాకులు మండుతున్నాయి. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీదుగా ఒక్కసారి లాగితే, కళ్ళు మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. నేను అలాగే లాగాను. చిరిగింది. మళ్ళీ లాగాను. మళ్ళీ చిరిగింది.

"గుడ్డని బతిమాలకమ్మా, దాని మానాన దాన్ని పోనియ్యి," అన్నారు నాగమణి గారు. "ఆ చిరిగినవి అటు వెయ్యి, మా కోళ్ళు నీ పేరు చెప్పుకుని తింటాయి."

అయిదు రేకులు కోళ్ళకి పోయాయి. ఆరోది చెక్కుచెదరకుండా లేచింది. దాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే అవతల వాన కనిపించింది. నా జీవితంలో ఇంత గర్వంగా ఏ మార్కుల కాగితమూ పట్టుకోలేదు. అత్త నా పక్కన కూర్చుని, తనూ ఒకటి లాగింది, చిన్నప్పుడు వచ్చేదట. ఆవిడదీ చిరిగింది. ఇద్దరూ నవ్వుకుంటుంటే అత్త హఠాత్తుగా, "నాగమణీ, ఎవరైనా ఊరివాళ్ళొస్తే ఇలా కూర్చోబెట్టి నేర్పుతావా?" అని అడిగింది. "ఇప్పుడైతే ఎంతసేపైనా నేర్పుతాను. సంక్రాంతి ముందు అడిగితే గుడ్డతోనే కొడతాను," అన్నారావిడ. బెల్లం, నెయ్యి వేసి చుట్టిన పది పూతరేకుల పెట్టె రెండు వందలు. వానాకాలంలో గాలి తగిలితే రేకు మెత్తబడుతుంది కాబట్టి పెట్టె మూత బిగించి తెచ్చుకోండి.

తిరిగొచ్చేటప్పుడు బడి పక్కన రేకుల షెడ్డులో బొగ్గుల ఇస్త్రీపెట్టె కనిపించింది. వానల్లో పెళ్ళిళ్ళ బట్టలు రాక ఇస్త్రీ చేసే సూరిబాబు గారు ఖాళీగా పేపరు చదువుకుంటున్నారు. నేను అత్త వైపు చూశాను. అత్త నా వైపు చూసింది. "సూరిబాబూ, తడి దుప్పటి తెస్తే పూర్తిగా ఆరేదాకా రుద్దుతావా?" "దుప్పటికి ఇరవై ఇవ్వండి, అప్పడంలా చేసిస్తాను." ఏడాదిగా అత్త గుండెల మీదున్న చెమ్మ అంత దగ్గర్లో, అంత తేలిగ్గా ఆరింది. అయిదు నిమిషాల్లో నేను ఎనిమిది దుప్పట్లు మోసుకొచ్చాను.

మధ్యాహ్నం భోజనానికి ఆవ పెట్టిన కందబచ్చలి కూర. "ఒక్క కూరే. వానకి కూరగాయల బండి రాలేదు," అని అత్త పదిసార్లు చెప్పుకుంది. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. తర్వాత ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. అవతలి గట్టు పక్క పొలంలో ఊడ్పులు జరుగుతున్నాయి. ప్లాస్టిక్ గోతాలు తల మీంచి కప్పుకున్న ఆడవాళ్ళు ఒక వరసలో వంగి నాట్లు వేస్తున్నారు. దక్షిణం నుంచి మబ్బు రాగానే అత్త, "ఇది జల్లే. ముసురు కాదు. దాటిపోద్ది," అంది. గడియారం చూశాను. ఏడు నిమిషాల్లో దాటిపోయింది. ముసురు ఎలా ఉంటుందో, తుంపరకీ జల్లుకీ తేడా ఏంటో, ఏ మబ్బుకి బట్టలు తియ్యాలో, ఏ మబ్బుకి అక్కర్లేదో అత్త చెబుతూ ఉంటే నా పుస్తకంలో మూడు పేజీలు నిండాయి. మా కాలేజీలో ఇంత తెలిసినవాళ్ళు లేరు. మూడింటికి ఎండ కాసింది. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద మైలు దూరం నడిచొచ్చాం.

సాయంత్రం అయిదింటికి నేను క్యాలెండర్ తీసుకొచ్చి అత్త ముందు పెట్టాను. విజయవాడ నుంచి ఒక టీచరు గారు ఈ ఆదివారానికే గది అడిగి ఉన్నారు. పక్కన "దసరాకి".

"ఫోన్ చెయ్యి," అన్నాను.

"మనమే చేసి రమ్మంటే ఏం బావుంటుందే? వ్యాపారంలా ఉంటుంది."

"రావద్దనడానికి నోరొచ్చింది కదా, రమ్మనడానికి రాదా?"

"ఏం చెప్పను? నువ్వు రాసింది చదవనా?"

నా తొమ్మిదో ప్రతి ఇచ్చాను. రెండు లైన్లు చదివి, "ఇది నా నోటికి తిరగదు," అని పక్కన పెట్టేసింది. తర్వాత చీర కొంగు సర్దుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టు నిటారుగా కూర్చుని ఫోన్ చేసింది.

"అమ్మా, ఆత్రేయపురం నుంచి సత్యవతినండి. మొన్న వద్దన్నాను కదండి, తప్పయిపోయింది. వాన పడుద్దండి, అబద్ధం చెప్పను. పడినప్పుడు అరుగు మీద కూర్చోండి, వేడిగా ఏదో ఒకటి వేయిస్తాను. ఆగినప్పుడు గట్టు మీద నడుద్దురుగాని. బురద ఉంటది, కాళ్ళకి వేణ్ణీళ్ళు పెడతాను. పూతరేకులు మీ చేత్తోనే తీయిస్తాను, నాలుగైదు చిరుగుతాయనుకోండి. కూర ఒకటే ఉండొచ్చు. దుప్పట్లు మాత్రం పొడిగా ఉన్నాయండి. దసరాకి కాదమ్మా, వీలుంటే రేపే రండి."

అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. అత్త "ఆయ్, ఆయ్" అంటూ తలూపింది. ఫోన్ పెట్టేసి, "రేపు పదింటికి. నలుగురంట," అంది. నేను ఏదో అనేలోపే క్యాలెండర్ లాక్కుని పై పేరుకి ఫోన్ చేస్తోంది. ఏడయ్యేసరికి వచ్చే రెండు శనివారాలు కూడా నిండాయి. నేను నా తొమ్మిది ప్రతులూ చింపేసి, అత్త ఫోన్లో అన్న మాటలనే అక్షరం మార్చకుండా ఇంటర్నెట్లో గదుల పేజీలో పెట్టాను. చదివి, "ఇంత మామూలుగా ఉంటే ఎవరు చూస్తారే?" అంది. కానీ రెండోసారి చదువుకుంది. మూడోసారి చదువుతుండగా మావయ్య తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "సోమవారం ఎరువులవాళ్ళకి ఏం చెప్పమంటావు?" అని అడిగారు.

అత్త తలెత్తలేదు. "దసరాకి రమ్మనండి."

నేను మాటలు వెతుక్కుంటూ వచ్చాను. అవి మా అత్త దగ్గర ఎప్పట్నుంచో ఉన్నాయి, సిగ్గుపడి బయటికి తీయలేదు. జనం తక్కువ ఉన్న రోజుల్లో ఊరు పేదగా ఉంటుందని మనం అనుకుంటాం, ఊరివాళ్ళూ అలాగే అనుకుంటారు. నిజానికి ఆ రోజుల్లోనే ఇక్కడివాళ్ళ దగ్గర టైముంటుంది. కుండ ముందు చోటు, అరుగు మీద కబుర్లు, చలికాలంలో ఎంత అద్దె ఇచ్చినా దొరకవు. పైగా గదికి రోజు అద్దె కూడా అప్పుడు పద్దెనిమిది వందలు, ఇప్పుడు పన్నెండు వందలు. మా అత్త పిలిచిన పిలుపు విన్నానని, ఆ పిలుపులో నా ఆరో పూతరేకుకీ చోటుందని నాకు గర్వంగా ఉంది. మీరు వానాకాలంలో ఇలాంటి ఇంటికి ఫోన్ చేస్తే, "ఇప్పుడు బావుంటుందా?" అని అడక్కండి, వద్దనే అంటారు. "వాన పడితే మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడగండి. జవాబు నచ్చితే బయల్దేరండి.

రేపు పొద్దున్న ఆరింటికి నేను మెట్ల మీద పాచి గీకాలి. ఏడింటికి నాగమణి గారికి పిండి రుబ్బమని చెప్పి, ఎనిమిదింటికి సూరిబాబు గారి దగ్గర మిగిలిన రెండు దుప్పట్లు తేవాలి. పదింటికి రోడ్డు మలుపులో పెద్ద గొడుగు పట్టుకుని నిలబడాలి. వాన పడకపోయినా సరే గొడుగు తీసుకెళ్ళమంది అత్త, వాళ్ళకి ఇల్లు గుర్తు దొరకాలి కదా అని.