ఫ్లాపీకి గేటు చీటీ

ఎనభైల చివర్లో ఆదోనిలో నేను పనిచేసే నూలు మిల్లుకు రెండు యునిక్స్ కంప్యూటర్లు వచ్చాయి. ఒకటి ఆదోని ఆఫీసులో, రెండోది ఎమ్మిగనూరు గోడౌన్లో. ఏ మగ్గానికి ఏ నూలు పోయిందో ఆదోనిలో ఫ్లాపీ అనే పల్చటి డిస్కుకు ఎక్కించి, బస్సులో తీసుకుపోయి, ఎమ్మిగనూరు కంప్యూటరులో దించాలి. బెంగళూరులో మూడు నెలలు నేర్చుకొచ్చిన ఏకైక మేధావిని నేనే. అప్పట్లో నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఎమ్మిగనూరులో కొత్తగా బిగించిన, ఫ్లాపీని చదివే డ్రైవును కంప్యూటరు గుర్తించలేదు. ఆన్ చేయగానే తనకు తగిలించిన పరికరాలన్నిటినీ తెర మీద వరసగా చూపిస్తుంది. అందులో దీని ఊసే లేదు.

"శనివారానికల్లా అది పనిచేయకపోతే దాన్నీ పంపిస్తా, నిన్నూ పంపిస్తా" అన్నాడు యజమాని. ఈ ఉద్యోగం చూసే నాకు పిల్లనిస్తామన్నారు. 

డ్రైవు వెనక, దాని నంబరు తేల్చే చిన్న పిన్ను మార్చాను. కాన్ఫిగరేషన్ ఫైల్లో, అంటే పరికరాల పట్టికలో, ఆ నంబరు రాసి, సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను మళ్లీ తయారుచేశాను. ఈసారి తెర మీద డ్రైవు పేరు కనిపించింది! ఎగిరి గంతేసి, ఆదోని ఫ్లాపీకి వేలాడుతున్న చీటీని దారంతో సహా తెంచి, ఫ్లాపీని డ్రైవులో పెట్టి, మౌంట్ చేయమని, అంటే తెరిచి చదవమని, కంప్యూటరుకు చెప్పాను. చదవలేనంది.

మా మిల్లులో చీటీ కుట్టందే ఏ వస్తువూ గేటు దాటదు. గేటు గుమాస్తా ఒక ముసలాయన, అందరికీ చాచా. నూలు మూటకైనా, నమూనా గుడ్డకైనా సూదీదారంతో చీటీ కుట్టి పంపేవాడు.

మూడు రోజులు కాన్ఫిగరేషన్ మార్చాను, కెర్నల్ మార్చాను, డ్రైవును తిట్టాను. రోజూ ఆదోనిలో కొత్త ఫ్లాపీ తయారుచేసుకోవడం, ఎమ్మిగనూరులో చీటీ తెంచడం, అదే తిరస్కారం. శనివారం పొద్దున దారం తెంచి, విసుగుతో ఫ్లాపీని కిటికీ వైపు ఎత్తాను. దానికి, లెక్కలు దాచే లోపలి బిళ్లతో సహా, రెండు సూది బెజ్జాలు, వాటిలోంచి ఎండ!

దొరికిన బస్సెక్కి ఆదోని వచ్చి, యజమాని ముందే చాచా మీద అరిచాను. "ఫ్లాపీకి సూది గుచ్చుతారా ఎవరైనా?"

చాచా తొణకలేదు. "దానికి కుట్టగూడదని నువ్వు సెప్పినావా నాయనా? మూడు దినాలు దారం తెంచింది ఎవురు?"

యజమాని నా వైపు చూశాడు. "నేనే" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం కొత్త ఫ్లాపీని రెండు అట్టల మధ్య పెట్టుకుని ఎమ్మిగనూరు బయల్దేరాను. చీటీ లేని సరుకు వెంట తానుండాల్సిందేనని చాచా కూడా బస్సెక్కాడు.

మౌంట్ చేశాను. కంప్యూటరు మారుమాట్లాడలేదు.

"యామీ సెప్పలేదే?" అన్నాడు చాచా.

"బాగుంటే అదేమీ చెప్పదు చాచా."

మరుక్షణం ఆదోని నూలు లెక్కంతా తెర మీద బారులు తీరింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. చాచా గోడౌన్ ఫోనందుకుని యజమానితో చెప్పాడు.

"పనైపోయినాది సేటూ. పిల్లోన్ని ఉంచుకో. వానికి అన్నీ వస్తాయి, ఒకర్ని అడిగేదే రాదు."