బండిని ఆపిందెవరు

మా అమ్మ కవిత రాసిందని నాకు ఇరవై ఏళ్లు వచ్చేదాకా తెలీదు. యానిమేషన్ కోర్సు చివరి ఏడాదిలో ఏదైనా ఒక కవిత తీసుకుని మూడు నిమిషాల బొమ్మల చిత్రం చేయమన్నారు. కడప లైబ్రరీలో రెండు రోజులు వెతికాను. ఏదీ నచ్చలేదు. మొహం మాడ్చుకుని ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చి కూర్చున్నాను. నా గొణుగుడు వినీవినీ విసుగొచ్చి, అమ్మ బీరువా పైనుంచి నా ఐదో తరగతి లెక్కల నోటుబుక్కు తీసి చేతిలో పెట్టింది. చివరి పేజీల్లో పెన్సిలుతో రాసిన పదహారు లైన్లున్నాయి.

"ఇది పనికొస్తాదేమో చూడు. నా పేరు మాత్రం యాడా ఎయ్యొద్దు. మీ నాయనకు చూపించొద్దు" అంది.

అమ్మ జమ్మలమడుగులో పదో తరగతి దాకా చదివింది. ఇంట్లో సరుకుల చీటీ తప్ప ఆమె ఇంకేమైనా రాస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ కవిత మా ఏడో బోరు గురించి. లింగాల దగ్గర మాకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. చెట్లు కాపుకొచ్చిన ఏడాదే నీళ్లు అడుక్కి పోయాయి. తోటను దక్కించుకోవాలని నాయన ఆరు బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు. ఏడోది వేసిన రోజు నేను బడిలో ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బోరు బండి పులివెందుల దారి పట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత చెట్లు కొట్టేశాం, ఊరొదిలి ప్రొద్దుటూరు వచ్చేశాం. అప్పటినుంచి నాయన ఇక్కడ ఒక బంగారం అంగడిలో వాచ్‌మన్. నెత్తిన టోపీ పెట్టుకుని, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ అద్దాల తలుపు తీస్తుంటాడు.

కవిత చివరి లైన్లు ఇవి:

మా మొహాలు తెల్లగయినాయి
మా చెట్లు తెల్లగయినాయి
అన్నం క్యారేజీ మూత తెల్లగయింది
తడి ఒక్కటే రాలేదు
బండి ఆగింది.

బోరు వేసేటప్పుడు నీళ్లు పడితే బురద చిమ్ముతుంది, పడకపోతే రాతి పొడి లేస్తుంది. ఆ తెల్లదుమ్మును గీయడానికే నాకు నెల పట్టింది. సెకనుకు పన్నెండు బొమ్మలు. ఒకసారి పొగలా వచ్చేది, ఒకసారి మేఘంలా వచ్చేది, దుమ్ములా మాత్రం వచ్చేది కాదు.

మా గైడు సారుది గోదావరి వైపు. మొదటి రివ్యూలో చిత్రమంతా చూసి, "బానే ఉందమ్మా, కానీ చివర్లో చిన్న వాన పడితే ఎలా ఉంటుందంటావు?" అన్నారు.

"మా ఊళ్లో అడిగితే పడదు సార్" అన్నాను. నా నోటికి అప్పటికే క్లాసులో పేరుంది.

ఆయన నవ్వి, "సరే, వాన వద్దు. కానీ బండి దానంతటది ఆగదు కదా. ఎవరాపారు? కవితలో చెప్పకపోయినా చెల్లుతుంది. బొమ్మలో ఎవరిదో ఒకరి చెయ్యి కనపడాలి. అది సరిచేసి తీసుకురా" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. నిజం కాబట్టే నాకు ఇంకా మండింది.

అయితే బండిని ఎట్లా ఆపుతారో నాకు తెలుసు, ముందు బోర్లు వేసినప్పుడు చూశాను. బండి మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. పైగా బండివాళ్లు తమిళం వాళ్లు, వాళ్ల మాట మనకు రాదు, మన మాట వాళ్లకు రాదు. అందుకని భూమి గల ఆసామి భుజం మీది టవలు తీసి ఒక్కసారి గట్టిగా విదిలిస్తే చాలు, బండి ఆపేస్తారు. అందుకే బండి నడిచినంతసేపూ అక్కడున్నవాళ్లు ఎవరూ ఒంటి మీది దుమ్ము దులుపుకోరు. కండ్లు మండినా, నెత్తి తెల్లబడినా అట్లే నిలబడతారు. పొరపాటున ఒక గుడ్డ విదిలించినా సైగ అనుకుంటారని భయం.

ఇంకేం, నాయన చేత టవలు విదిలింపించాను. ఎనభై బొమ్మలు కొత్తగా వేశాను. నాయన భుజం నుంచి టవలు జారడం, గాలిలో అది తెల్లగా విచ్చుకోవడం, బండి నోరు మూతపడటం. సారుకు బాగా నచ్చింది. "చివర్లో 'కవిత' అని వేసి పక్కన ఖాళీ వదిలేశావేం?" అని మాత్రం అడిగారు. పేరు వద్దన్నారు సార్, అన్నాను.

ఆ ఆదివారం నాయన అంగడికి పోయాక అమ్మకు చూపించాను. మెచ్చుకుంటుందని ఎదురు చూస్తున్నాను. టవలు విచ్చుకునే చోట ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది కాదు జరిగింది. మార్చు" అంది.

"మరి ఏం జరిగింది?"

"మీ నాయన ఆపలేదు. నేనాపినా."

అన్నం క్యారేజీ తీసుకుని పోయిందట. బండి మధ్యాహ్నం దాటినా పొడే చిమ్ముతూ ఉందట. నాయన గుంత పక్కన కదలకుండా నిలబడి ఉన్నాడట. దుమ్ము పట్టిన మొహం మీద కండ్ల కింద రెండు తడి గీతలు ఆమెకు మాత్రమే కనపడ్డాయి. ఆమె కొంగు తీసి విదిలించింది. బండి ఆగింది.

"మళ్లా నడపమని మీ నాయన చెప్పలేదు. అందరూ నేను మర్చిపోయి దులుపుకున్నాననుకున్యారు. నేనూ అదే చెప్పినా. మరుపు కాదు. ఆపాలనే దులిపినా."

మరుసటి ఏడు పక్క చేన్లో బోరు వేస్తే, మేం ఆపిన లోతు దాటి ఇంకో రెండు రాడ్లు దిగగానే నీళ్లు పడ్డాయి. ఇంక చెప్పాలా, లోకులు పలుగాకులు. ఆడదాని కొంగు తగిలి గంగమ్మ వెనక్కి పోయిందన్నారు. అప్పటికి మేం ప్రొద్దుటూరులో ఉన్నా ఆ మాట అమ్మ దాకా వచ్చింది, నా చెవిన మాత్రం పడలేదు.

"నాయన ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమీ అనలేదు. ఆ పొద్దు అనలేదు, ఈ పొద్దుకూ అనలేదు. నేనే తోటను సంపినానని ఆయన మనసులో ఉంది. లేకుంటే ఒక్క మాటన్నా అనడా?"

పదేళ్లుగా ఆమె ఆ మాట కోసం కాచుకుని ఉందని నాకప్పుడు అర్థమైంది. భయం వేసింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. టవలు బొమ్మను అట్లే వదిలేస్తా" అన్నాను.

"వద్దు. బొమ్మలో గూడ నేను చేసింది ఆయన నెత్తిన ఎయ్యొద్దు" అంది.

కొంగు టవలులాగా విచ్చుకోదు. దాని బరువు వేరు, అది తీసే చెయ్యి వేరు. ఒకసారి చేసి చూపించమని అమ్మను మిద్దె మీదికి తీసుకుపోయి ఫోను పట్టుకున్నాను. ఆమె కొంగు చేతిలోకి తీసుకుంది కానీ విదిలించలేకపోయింది. రెండోసారీ చెయ్యి దించేసింది. మూడోసారి విదిలించి, బట్టలారేసే తీగ పట్టుకుని అటు తిరిగి నిలబడింది. నేను ఫోను ఆపి కిందికి దిగి వచ్చేశాను. ఎనభై బొమ్మలు తీసేసి మళ్లీ వేయడానికి పదకొండు రోజులు పట్టింది.

చివరి రివ్యూకు ముందు ఇంటికొచ్చాను. మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆయనకు చూపించు" అంది అమ్మ. చూపించొద్దన్న మనిషే అనేసరికి నేను ఆమె మొహంలోకి చూశాను. "చూపించు" అంది మళ్లీ.

మూడు నిమిషాలూ నాయన కదల్లేదు. తెరమీద కొంగు విచ్చుకుంది, మోత ఆగింది.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?" అంది అమ్మ.

"నువ్వు మరిచి దులుపుకోలేదని. ఆరు బోర్ల కాడ నిలబడిన మనిషివి, ఏడోదాని కాడ మరుస్తావా?"

"తెలిసి గూడ, ఊరంతా నన్ను అంటాంటే ఊరుకున్యావా?"

నాయన టోపీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఊరుకున్యా. తప్పే. ఆపాల్సింది నేను. నా చెయ్యి టవలు మీదికి పోలేదు. నువ్వు ఆపినావని చెప్తే నాకు చేతకాలేదని చెప్పుకున్నట్టే గదా. నువ్వు ఆపకుంటే ఇల్లు గూడ ఆ బొక్కలోకే పోయేది మే."

నాకు నాయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ ఒక్క మాట పదేళ్లు కడుపులో దాచుకుని, ఆమెను దోషిలా బతకనిచ్చాడు. తల వంచుకుని కూర్చున్న ఆయన్ను చూస్తే జాలీ వేసింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

అమ్మ లేచి ఆయనకు అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది. ఆయన తిని, టోపీ పెట్టుకుని అంగడికి పోయాడు. తలుపు వేసి వచ్చి ఆమె నా పక్కన కూర్చుంది.

"పాపా, చివర్లో ఖాళీ ఉంది గదా" అంది. "ఆడ నా పేరు ఎయ్యి."