పద్నాలుగేళ్ల సండేస్కూలు, ఆరు క్రెడిట్లు

నన్ను ఇంతవరకు సజీవుల లెక్కలో ఉంచిన దేవునికి స్తోత్రం. ఆయన నీతిమంతుడు. నేను రాయబోయేది మనుషుల గురించి, అది చేదుగా ఉంటుంది. అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను.

నలభై ఆరేళ్ల వయసులో, ఇక్కడ అమెరికాలో నోవై ఊరి దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇండివిడ్యువలైజ్డ్ స్టడీస్‌లో చేరాను. ఆ డిగ్రీకి సబ్జెక్టులు మనమే ఎంచుకోవాలి, అవన్నీ ఒకచోట ఎందుకు ఉండాలో రాసి ఒప్పించాలి. నేను పిల్లల మనస్తత్వం, సంగీతం, కథ చెప్పడం ఎంచుకున్నాను. మావారు దాన్ని కిచిడీ డిగ్రీ అనేవారు. నాకు మాత్రం ఆ మూడూ ఒకే పని. మా తెలుగు చర్చి సంఘంలో పద్నాలుగేళ్లుగా ఆదివారం ఆదివారం పిల్లలతో చేస్తున్న పని.

బయట నేర్చుకున్నదాన్ని రుజువు చేస్తే కాలేజీ దానికీ డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్లు ఇస్తుంది. సండేస్కూలుకు ఆరు క్రెడిట్లు వస్తే మే నెలలో డిగ్రీ చేతికొస్తుంది. ఒక ప్రీస్కూలువాళ్లు టీచర్ ఉద్యోగాన్ని అప్పటివరకు నాకోసం ఆపి ఉంచారు.

రుజువుగా ఇరవై పేజీలు రాశాను. కాలేజీలో నా అడ్వైజర్ చదివి, నెమ్మదిగా, ఇందులో మీరు ఎక్కడా లేరు అంది. నిజమే. ప్రభువు పాటలు ఇచ్చాడు, ప్రభువు పాఠాలు సిద్ధం చేయించాడు, అయోగ్యురాలినైన నన్ను వాడుకున్నాడు. మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు మాట్లాడే తీరు అదే. నాకు ఇంకో తీరు రాదు. మొత్తం తిరగరాశాను. "నేను నేర్పాను" అని రాసిన ప్రతిసారీ పాపం చేసినట్టే అనిపించింది.

ఇక కావలసింది, నేర్పింది నేనేనని సంఘం నుంచి ఒక ఉత్తరం. మా పాస్టరు అయ్యగారు వెంటనే ఇచ్చారు. ఈ సహోదరి వినయశీలి, పిల్లల పరిచర్యలో సహాయపడింది అని రాశారు. నేర్పింది అన్న మాట లేదు. మార్చమని అడగడానికి ఆరాధన అయ్యాక ఆగాను.

"స్త్రీ బోధించకూడదని వాక్యం చెబుతుంటే, టీచ్ చేసిందని చర్చి లెటర్‌హెడ్ మీద ఎలా రాస్తానమ్మా? హెల్ప్ చేసిందన్నాను. అబద్ధం కాదుగా."

"మరి పద్నాలుగేళ్లు ఆ క్లాసు ఎవరు చెప్పారు అయ్యగారూ?"

"ప్రభువు చెప్పించుకున్నాడమ్మా" అని నవ్వి, భోజనాల దగ్గరికి వెళ్లిపోయారు.

నా మొదటి ఇరవై పేజీలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఆ ఉత్తరం చూసి, సహాయకురాలికి కాలేజీ కమిటీ క్రెడిట్లు ఇవ్వలేదు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. ఇప్పుడు ఇంకో రెండు కోర్సులు చదువుతున్నాను. పిల్లలకు కథ ఎలా చెప్పాలో, నా కూతురి వయసు టీచర్ నాకు నేర్పుతోంది.

సండేస్కూలు మానలేదు, పిల్లలు నాకేం చేశారు గనక? కానీ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల రొట్టె పళ్లెం మా వరుసలోకి వస్తే ముట్టకుండా పక్కవారికి అందిస్తున్నాను. అయ్యగారిని క్షమించకుండా ఆ రొట్టె తినలేను. క్షమించాలని కూడా నాకింకా లేదు.

దీన్ని చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో తల వంచండి. డిగ్రీ కోసం కాదు. క్షమించాలన్న కోరికైనా నాలో పుట్టించమని అడగండి. నా నోరు ఇంకా పెగలడం లేదు, ముందు మీరు ఆమేన్ అనండి.