డాక్టర్ అనని మాట

ఆరేళ్లుగా ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. అది అబద్ధం. చెప్పింది నేనే, మా తమ్ముడికి.

హెచ్ఐవీ అని తెలిసినప్పటి నుంచి వాడు ఇంద్రేశంలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. అప్పట్లో ముత్తంగి గోదాములో లోడింగ్ పని. సంగారెడ్డి దవాఖానలో మందులిచ్చిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. తిన్నా తినకున్నా రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవాలన్నారు. తాగుడు తగ్గించమన్నారు, తాగిన రోజైనా మాత్ర మానొద్దన్నారు. ఆ చివరి మాటప్పుడు వాడు ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. నేను విన్నాను.

ఏడాది బాగానే నడిచింది. తర్వాత వారానికి నాలుగు రోజులు తాగడం మొదలుపెట్టాడు. తిట్టాను, ఏడ్చాను. ఒక సాయంత్రం తూలుతూ వచ్చి మాత్రల డబ్బా అందుకుంటే లాక్కున్నాను.

"తాగినోడు గీ గోలీ ఏసుకుంటే లివర్ ఖరాబైతదట. డాక్టరే చెప్పిండు."

"నాకు చెప్పలే గదక్కా?"

"నువ్వు బయటికి పోయినవ్. నాకు చెప్పిండు."

భయపడి సీసా వదిలేస్తాడనుకున్నాను. వాడు మాత్ర వదిలేశాడు.

నాకు తెలియదా? డబ్బాలో మిగిలిన మాత్రలు చూస్తూనే ఉన్నాను. మరి ఎందుకు నోరు విప్పలేదు? అబద్ధమని ఒప్పుకుంటే ఇంట్లో నా మాటకు విలువ పోతుందనుకున్నాను. అంతకన్నా నిజం చెప్పాలంటే, తాగుబోతుకు ఆ మాత్రం శిక్ష పడాల్సిందేనని లోపలెక్కడో అనిపించింది.

ఎనిమిది నెలలకు టీబీ వచ్చింది. పాత మందు ఇక పనిచేయదని పరీక్షలో తేలింది. ఎందుకు మానావని కౌన్సెలర్ గట్టిగా అడిగింది.

"నాదే తప్పు మేడం. తాగుడుల వడి ఏసుకోలే," అన్నాడు.

నావైపు చూడలేదు. నన్ను కాపాడాడా, నిజంగానే తన తప్పనుకున్నాడా? పక్క కుర్చీలో నేను కొంగు సర్దుకుంటూ కూర్చున్నాను.

ప్రాణం దక్కింది. మందు మారింది, ఇది అన్నం తిన్నాకే వేసుకోవాలి. బరువులెత్తే ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడొక గేటు దగ్గర వాచ్‌మన్.

వాడి మేలు కోసమే అన్నావు కదా అని మీరు అనొద్దు. మొదటి రోజు మేలు కోసమే. తర్వాతి ఎనిమిది నెలలు కాదు. ఇందులో నాకు సందేహం లేదు.

ఇవాళ పొద్దున వాడు అన్నం తిని మాత్ర మింగేదాకా ఆగి, మొత్తం చెప్పాను. ఏడవలేదు. క్షమించమని అడగలేదు. వాడు లేచి చేయి కడుక్కుని, చెప్పులేసుకుని, పోతానని కూడా చెప్పకుండా డ్యూటీకి పోయాడు.

నేను అన్నం పెట్టుకున్నాను. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను.