తవుడుకు కొన్న బిడ్డ

నా నోటికి తాళం లేదని మా ఆయన ఎప్పుడూ అంటాడు. అది నిజమేనని నా మూడేళ్ల కూతురు చిక్కపేట బజారులో తప్పిపోయిన రోజు తెలిసింది.

నేను పనిచేసే చీరల కొట్టులో మడతలు పెడుతుంటే అది గడప దాటి జనంలో కలిసిపోయింది. గంటకు పోలీసు స్టేషన్‌లో దొరికింది. అమ్మ ఎక్కడని అడిగితే అమ్మ లేదు, అక్క ఉందని చెప్పిందట. నేను పరుగున వెళ్లి నేనే అమ్మనన్నాను. మరి అక్క అంటోందేమని అక్కడి పోలీసు మేడమ్ అడిగింది. ఉన్నమాట చెప్పేశాను.

"చేరెడు తవుడిచ్చి కొనుక్కున్నాము మేడమ్."

దాంతో బిడ్డను కొన్నవాళ్లమైపోయాం. విచారణ తేలేదాకా పిల్లను ఆశ్రమంలో ఉంచమని పిల్లల సంక్షేమ కమిటీ చెప్పింది.

దీనికి ముందు నాకు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. ఇది పుట్టగానే మా అత్త మాట విని చేటలో పడుకోబెట్టి చెత్తకుప్ప మీద పెట్టాం. కాటన్‌పేటలో మా పక్కింటి పెద్దామె ఎత్తుకుంది. ఆమెకు తవుడిచ్చి తెచ్చుకున్నాం. ఇది నా బిడ్డ కాదని మృత్యువు నమ్మాలి కదా, అందుకే అక్కా అని పిలవడం నేర్పాను. బతికితే చాలనుకున్నాను.

ఉచితంగా వాదించే లాయరమ్మ ఒకామె దొరికింది. పిల్లల్ని పెంచే హక్కు ముందు కన్నవాళ్లదేననీ, సరైన కారణం లేకుండా విడదీయకూడదనీ చట్టంలోనే ఉందని చెప్పింది. చట్టమంటే మనుషుల్ని పట్టుకుపోయేదనే నాకు తెలుసు. అది నా పక్కన కూడా నిలబడుతుందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదో రోజు ఆసుపత్రి కాగితాలు, జనన పత్రం, టీకాల కార్డు పట్టుకుని కమిటీ ముందుకు వెళ్లాం. పెద్దామె కూడా వచ్చింది. నేను నోరు తెరవబోతే ఆపింది.

"నువ్వు గమ్మునుండప్పా. నేను చెప్తా."

కన్నడంలో అంతా చెప్పింది. కమిటీ పెద్ద నవ్వి, తన మామగారిని కూడా పుట్టగానే చెత్త తిప్ప మీదే పెట్టారట అంది. తర్వాత, పిల్లలకు జబ్బు చేస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లమని నన్ను గట్టిగా మందలించింది. తలూపాను. తల్లి అని రాసిన చోట సంతకం పెట్టించుకుని బిడ్డను ఇచ్చేశారు.

అది నా మెడ కరుచుకుని, అక్కా ఇంటికి పోదాం అంది. ఇదీ పోతుందేమోనన్న భయం నాకు పోలేదు, ఇప్పటికీ ఉంది. అయినా అన్నాను.

"అమ్మా అను."

నా మొహం చూసి, పెద్దామె మొహం చూసి, మెల్లగా అంది. ముగ్గుర్ని కన్నాను. నన్ను ఎవరైనా ఆ మాటతో పిలవడం అదే మొదటిసారి.