రాచసముద్రం మరవ దాటిన బండి

బత్తలపల్లె దాటి లోపలికి పోయే స్టేట్ హైవే మీద ఊళ్ళ పేర్లు చదువుకుంటూ వస్తే, కొత్తవాడు పడవ వెంట తెచ్చుకోవాల్సిందేమో అనుకుంటాడు. అక్కమ్మసముద్రం, తిమ్మసముద్రం, రాచసముద్రం. ఒక్కో ఊరికి ఒక్కో చెరువు, చెరువుకు మైలు పొడవు కట్ట, కట్ట మీద రోడ్డు. కిందికి చూస్తే చెరువు నిండా కంపచెట్లు, మేకలు, క్రికెట్ ఆడుకునే పిల్లలు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత ఈ రోడ్డు మీదే పుట్టి మిగతా జిల్లాలకు పోయి ఉంటుంది.

ఈ దారిలో బయ్యన్న పాతికేళ్ళకు పైగా బండి నడుపుతున్నాడు. మొదట జీపు, ఇప్పుడు ట్రాక్స్. పొద్దున్నే రాచసముద్రంలో జనాన్ని ఎక్కించుకుని అనంతపురంలో దించుతాడు, సాయంత్రానికి మళ్ళీ తెచ్చి ఊళ్ళో దించుతాడు. నిజానికి అతనిది సేద్యగాళ్ళ ఇల్లు. వేసిన బోర్లన్నీ వరసగా ఎండిపోయాక "భూమి నన్ను మోయలేకుండా ఉండాది, నేనే జనాన్ని మోస్తా" అని స్టీరింగు పట్టుకున్నాడు. అనంతపురం స్టాండులో తోటి డ్రైవర్లు "ఏమప్పా బయ్యన్నా, మూడు సముద్రాలు దాటి వచ్చినావా?" అని ఆట పట్టిస్తే, "దాటినా. గుడ్డలకు దుమ్ము తప్ప తడి అంటల్యా" అని నవ్వేవాడు.

మంచివాడు. ఆ మాట ఊరికే అనడం లేదు. ఉలవలు కోసిన రోజుల్లో రైతులు కట్ట మీది రోడ్డునే కళ్ళంగా చేసుకుని చెట్లు పరిచేవారు, వచ్చీపోయే బండ్ల చక్రాల కింద కాయలు రాలతాయని. మిగతా డ్రైవర్లు బూతులు తిట్టుకుంటూ పక్కకు తప్పించేవారు. బయ్యన్న మాత్రం పనిగట్టుకుని దాని మీదుగానే నెమ్మదిగా పోనిచ్చి, రైతు చెయ్యెత్తి మొక్కితే హారన్ కొట్టి పోయేవాడు. అతనికి ఉన్న బలహీనత ఒకటే. డ్రైవింగు గురించి ఎవరైనా మెచ్చుకుంటే కరిగిపోయేవాడు. భూమి చేతిలో ఓడిపోయిన మనిషికి అదొక్కటే మిగిలిన గెలుపు, మనం దాన్ని మరీ తప్పుపట్టకూడదు.

బండిలో ముందు సీటు, కిటికీ పక్కది, ఆదిలక్ష్మిది. ఆమె భర్త మల్లికార్జునయ్యకు ఊరి బస్టాండు దగ్గర కిరాణా అంగడి ఉంది. ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు అనంతపురం ఆస్పత్రికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. లేకపోతే తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరాడదు. అందుకే డాక్టర్లు ఆమెకు నీళ్ళు కొలిచి తాగమన్నారు. "కరువు సీమలో పుట్టినదానికి తగిన జబ్బే వచ్చింది నాయనా, నీళ్ళు తాగే పనే ల్యా" అని ఆమె బయ్యన్నతో అనేది. ఆమె నవ్వుతుంటే అతను కూడా నవ్వేవాడు గానీ, గుంతల్లో బండి దించేటప్పుడు మాత్రం గుడ్డు మోసుకుపోతున్నవాడిలా నడిపేవాడు.

ఆ ఏడు వాన వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు, ఏళ్ళ బాకీ అంతా ఒకేసారి తీర్చడానికన్నట్టు వచ్చింది. పై ఊళ్ళ చెరువులు ఒకదాని వెంట ఒకటి నిండి, చివరికి రాచసముద్రం చెరువు మరవ పారింది. నిండిన చెరువులో ఎక్కువైన నీళ్ళు బయటికి దూకే చోటు మరవ. ఆ నీళ్ళు రోడ్డు దాటి పోవడానికి అక్కడ తారు రోడ్డునే కిందికి దించి చప్టా కట్టారు. బయ్యన్న ఎరిగినంతలో ఆ చప్టా మీద పారింది ఎండ మాత్రమే.

ఊరు ఊరంతా మరవ దగ్గరికి పరుగెత్తింది. తప్పెట్లు మోగాయి, ఏట పొట్టేలు తెగింది, ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తెచ్చి గంగమ్మా అంటూ ఏడ్చారు. గుంతకల్లులో రైల్వే పని చేసేవాళ్ళకు కూడా ఫోన్లు పోయాయి. ఇక్కడి వాళ్ళకు నీళ్ళు వెతకడం తెలుసు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది నిక్కిన చోట బోరు వెయ్యమని చెప్పగలరు. నీళ్ళకు భయపడడం మాత్రం ఎవరూ నేర్పలేదు, నేర్చుకునే అవసరమూ రాలేదు.

గురువారం సాయంత్రం బయ్యన్న అనంతపురం నుంచి జనంతో తిరిగి వచ్చేసరికి చప్టా మీద మోకాలికి కొంచెం తక్కువగా నీళ్ళు పారుతున్నాయి. అవతలి గట్టు మీద ఊరి జనం. "రా బయ్యన్నా, రా!" అని కేకలు. కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. బయ్యన్న బండి దించాడు. సగం దూరం పోయాక వెనక సీటులోంచి వనజాక్షి, అంగన్‌వాడీలో పనిచేసే ఆవిడ, "అన్నా, ఒక నిమిషం ఆపు. తల్లి ఎదురొస్తే మొక్కకుండా పోతామా?" అంది. మిగతావాళ్ళూ అవునన్నారు. అతనికీ న్యాయంగానే తోచింది. పారే నీళ్ళ నడుమ బండి ఆపేశాడు. ఆవిడ తలుపు తీసి, వంగి, కుంకుమ చల్లి, దోసెడు నీళ్ళు తీసుకుని అందరి నెత్తినా చిలకరించింది.

మళ్ళీ గేరు వేసేటప్పుడు తెలిసింది అతనికి. స్టీరింగు చేతిలో బరువు లేకుండా తిరిగింది. చక్రాల కింద రోడ్డు లేదు. బండి వెనకభాగం లేచి, మూరెడు పక్కకు జరిగి, ఎడమ వైపు పాతిన హద్దు రాయికి తగిలి ఆగింది. ఆ తర్వాతే చక్రం నేలను పట్టుకుంది. బండిలో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ తెలియలేదు. గట్టెక్కగానే ఈలలు, చప్పట్లు. ఎవరో అతని మెడలో గంగమ్మకు తెచ్చిన పూలదండ వేశారు. నోరు తెరిచి బండి తేలిందని చెప్పడానికి అదే సమయం. దండ మెడలో ఉన్నప్పుడు ఆ మాట ఎలా వస్తుంది?

ఇంటికి పోతుంటే అంగడి అరుగు మీద కూర్చుని ఆదిలక్ష్మి పిలిచింది. మంగళవారం నాటి డయాలసిస్ వానల వల్ల తప్పిపోయింది. కాళ్ళు వాచి ఉన్నాయి, మాటకూ మాటకూ నడుమ ఆయాసపడుతోంది. శుక్రవారం ఎట్టి పరిస్థితిలోనూ పోవాలి.

"చూసినా నాయనా ఫోన్లో. బలే దాటించినావంట. రేపు నన్ను గూడా దాటిస్తావు కదా?"

బయ్యన్న చేతుల్లో ఇంకా ఆ స్టీరింగు తేలిక అలాగే ఉంది. అయినా నవ్వాడు.

"నువ్వు పొద్దున్నే తయారుగా ఉండక్కా. నేనుండా కదా."

తెల్లారేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఎర్రగా, కంపచెట్లను వేళ్ళతో సహా మోసుకుని పోతున్నాయి. మల్లికార్జునయ్య భార్యను ముందు సీటులో కూర్చోబెట్టి, పక్కన తానూ ఎక్కాడు. బయ్యన్న చప్టా దాకా పోనిచ్చి బండి ఆపేశాడు. ఇంజను కూడా ఆపాడు.

"ఏమప్పా, నిలబెట్టినావే?" అన్నాడు మల్లికార్జునయ్య.

"నా చేత గాదు శెట్టీ."

"నిన్న పోయినావు గదా!"

"నిన్నటి నీళ్ళు కావివి. దిగితే కొట్టుకొనిపోతాం."

గట్టు మీద జనం గొణిగారు. అనిల్ కుమార్ అనే కుర్రాడు ట్రాక్టరు తెచ్చి పక్కన పెట్టాడు. "ఆయప్పకు భయమైతే దిగమను శెట్టీ. అక్కను ట్రాలీలో కూర్చోబెట్టు, నేను దాటిస్తా" అన్నాడు. మల్లికార్జునయ్య సగం దిగాడు కూడా. బయ్యన్న మళ్ళీ ఇంజను వేసి, ట్రాక్సును చప్టా మొదట్లో రోడ్డుకు అడ్డంగా పెట్టేశాడు. జనం మీద పడ్డారు. రోడ్డు నీ అబ్బదా అన్నారు. నిన్న మెడలో దండ వేసిన చెయ్యే ఇవాళ చొక్కా పట్టుకుంది. బయ్యన్న కదల్లేదు. చివరికి ఆదిలక్ష్మే, "పోనీలేప్పా, చుట్టు తిరిగి పోదాం. బయ్యన్న ఊరికే అనడు" అంది.

బయ్యన్న బండి వెనక్కి తిప్పాడు. రాచసముద్రం అవతలి వైపు నుంచి ధర్మవరం మీదుగా అనంతపురం పోయే దారి ఒకటుంది, రెండింతల దూరం. ఆ దారిలోనూ ఊరికొక చెరువు. పుట్టాక ఎన్నడూ తడి చూడని చెరువులు, ఆ పొద్దు కట్టల అంచుదాకా నిండి ఉన్నాయి. ఒకచోట వంతెన మునిగింది. వెనక్కి తిరిగి ఇంకో ఊరి మట్టిదారి పట్టాడు. అక్కడ కట్ట మీద గండి పడుతుందని ఊరివాళ్ళు ఇసుక బస్తాలు వేస్తున్నారు, బండిని పోనివ్వలేదు. మళ్ళీ తిప్పాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే, మీరు ఇటు రాలేని దారిలో మేము అటు ఎలా వస్తామన్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ఆదిలక్ష్మి కిటికీ రెక్కకు తల ఆనించి చెరువుల వైపు చూస్తోంది. ఊపిరి లోపల గురగురమంటోంది. "ఎన్ని నీళ్ళు నాయనా" అంది ఒకసారి. ఇంకోసారి "ఇంకా ఎంత దూరం?" అంది. "వచ్చేసినాం అక్కా" అన్నాడు బయ్యన్న. ధర్మవరం ఇళ్ళు కనిపిస్తున్నాయి అనగా మల్లికార్జునయ్య, "బయ్యన్నా, బండి ఆపు" అన్నాడు. ఆ గొంతు వినగానే బయ్యన్నకు అర్థమైపోయింది. అయినా ఆపలేదు, ధర్మవరం ఆస్పత్రి గేటు దాకా అదే వేగంతో పోనిచ్చాడు. ఏడుస్తూనే నడిపాడు.

ఆ మధ్యాహ్నం చప్టా మీద నీళ్ళు కొంచెం తగ్గాయి. అనిల్ కుమార్ ట్రాక్టరు దించి, గట్టెక్కించి, మళ్ళీ వెనక్కి తెచ్చాడు. ఊరికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? బయ్యన్న అడ్డం పెట్టకుంటే ఆయమ్మ బతికేది అన్నారు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అని ఒకరిద్దరు పెద్దవాళ్ళు అన్నారు గానీ ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళు తగ్గాక కూడా బయ్యన్న బండి ఎక్కేవాళ్ళు కరువయ్యారు. అనంతపురం స్టాండులో ఖాళీ బండిలో కూర్చుని, ఆ పొద్దు దిగి ఉంటే దాటేదా, దాటేది కాదా అని అతను తనను తానే అడుగుతూ ఉండేవాడు.

దినకర్మలు అయ్యాక ఒకరోజు మధ్యాహ్నం మల్లికార్జునయ్య కబురు పెట్టాడు. తిట్టడానికే అనుకుని బయ్యన్న తల వంచుకుని పోయాడు. శెట్టి అంగడిలో ఒక్కడే ఉన్నాడు. కూర్చోమని స్టూలు చూపించాడు.

"ఊర్లో వాళ్ళ మాటలు మనసులో పెట్టుకోవద్దు బయ్యన్నా. ట్రాక్టరు దాటింది మధ్యాహ్నం. పొద్దున ఉన్న నీళ్ళు వేరే. ఆ నీళ్ళల్లో దిగింటే నేనూ ఉండేవాణ్ణి కాదు. నువ్వు అడ్డం పెట్టింది న్యాయమే. ఎవరడిగినా అదే చెప్తాండా."

బయ్యన్న రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అన్ని రోజులుగా గుండెల మీద ఉన్న రాయి దిగినట్టయింది. శెట్టి అతని భుజం తట్టి, తన బాధ తాను చెప్పుకోసాగాడు.

"మా తలరాత అట్లుండాది, ఎవరేం జేస్తారు? ఆ ముందు దినం సాయంత్రం ధర్మవరం నుంచి మా బావమరిది కారు పంపించినాడు. అప్పటికా దోవ తెరిచే ఉండె. రాత్రికే అనంతపురం చేరుకొనుంటే పొద్దున్నే ఆస్పత్రిలో ఉండేది. ఎక్కల్యా ఆమె. బయ్యన్న దాటిస్తానని మాటిచ్చినాడు, ఆయప్పకంటే బాగా నడిపేటోడు ఎవరుండారు అనింది. కారు ఖాళీగా పంపించేసినాం. నీకేం తెలుసు, పాపం. మర్నాడు నీళ్ళు పెరుగుతాయని నువ్వు కలగన్నావా?"

బయ్యన్న ఏడుపు ఆగిపోయింది. ఆ మాటకు అవునని తలూపి లేచి పోవచ్చు. ఊరంతటిలో తన పక్క నిలబడింది ఈ ఒక్క మనిషే, ఆ ఒక్కడూ మిగులుతాడు. కానీ ఆమె ఆ కిటికీకి తల ఆనించి ఎంత దూరం అని అడిగిన గొంతు చెవుల్లో ఉండగా తలూపడం అతని వల్ల కాలేదు.

"తెలుసు శెట్టీ" అన్నాడు. "నీళ్ళు పెరిగేది తెలీదు గానీ, నా బండికి ఆ నీళ్ళు దాటేది చేత గాదని తెలుసు. ఆ సాయంత్రం అది తేలింది. రాయి తగిలింది కాబట్టి బతికినాం. నా చేతిలో ఏమీ ల్యా. అది తెలిసే, వచ్చి, అక్కకు మాటిచ్చినా."

"తెలీక చెప్పినావనుకొంటిని బయ్యన్నా" అన్నాడు మల్లికార్జునయ్య.

తర్వాత లేచి, బయ్యన్న బయటికి నడిచేదాకా నిలబడి, అంగడి తలుపులు వేసుకున్నాడు.