చెక్ ట్రేలో క్యారెట్ నక్షత్రాలు

దయ్యాలనీ మహిమలనీ నేనెప్పుడూ నమ్మలేదు. విడవలూరు దగ్గర, సముద్రం పక్కనే మాకు రెండు రొయ్యల గుంతలున్నాయి. అమావాస్యకు ఎవరైనా గట్టు మీద నిమ్మకాయ కోస్తే వాళ్లను వారం పాటు ఆటపట్టించేవాణ్ని. నాకు తెలిసిన దయ్యం ఒక్కటే, రొయ్యలకొచ్చే తెల్లమచ్చల రోగం. ఇప్పుడిది చదివి మీరు నన్ను ఆటపట్టించినా ఏమీ అనుకోను.

మా పాప మేఘనకు ఐదేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. గుంతలు మా తమ్ముడు శీనయ్యకు అప్పజెప్పి, నేనూ నా భార్య సునీతా పాపను చెన్నైలో ఆసుపత్రిలో చేర్చి, వెనక వీధిలో గది తీసుకున్నాం. జుట్టంతా ఊడిపోయిన రోజు మేఘన అద్దంలో చూసుకుని, "చిన్నాయన మాదిరే ఉండా" అంది. శీనయ్యది బట్టతల. ఏడవాల్సిన మేం పడీ పడీ నవ్వాం.

అసలు తంటా తిండి దగ్గర వచ్చింది. మందులకు నోరంతా పూసి, ముద్ద చూస్తేనే మొహం తిప్పేసేది. అప్పుడు నా పనే నాకు అక్కరకొచ్చింది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో గట్టు మీద నుంచి కనపడదు. అందుకని వల బిగించిన పళ్లెంలో కాస్త మేత వేసి, తాడుతో నీళ్లలోకి దించి, కొంతసేపాగి పైకి లాగి చూస్తాం. దాన్నే చెక్ ట్రే అంటాం. ఇక్కడ మంచం గుంత, మేఘన రొయ్య. స్టీలు పళ్లేనికి తాడు కట్టి, రెండో కొస మంచం కడ్డీకి ముడేశాను. రొయ్య తింటుంటే మనుషులు చూడకూడదని పాప షరతు. నేను బయటికెళ్లి, కాసేపటికి వచ్చి తాడు లాగాలి. నర్సులు కూడా తమిళంలో రొయ్య క్షేమ సమాచారాలు అడిగేవాళ్లు.

మూడో విడత మందులప్పుడు ఆ ఆటా సాగలేదు. పాప ఏమీ ముట్టడం లేదు. సాయంత్రానికి కాస్తయినా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు డాక్టరుగారు.

సునీత మెత్తగా కిచిడీ వండి, ఉడికించిన క్యారెట్ ముక్కల్ని నక్షత్రాల్లా కోసి పైన పెట్టింది. కూరగాయల కత్తితో కోసింది కాబట్టి ప్రతిదానికీ ఒక కొన వంకర. పళ్లెం పెట్టి, మధ్యాహ్నమంతా తలుపుకెదురుగా వరండాలో కూర్చున్నాను. ఆ గదికి ఒకటే తలుపు, కిటికీలు తెరుచుకోవు. ఎవరూ లోపలికెళ్లలేదు.

వచ్చి తాడు లాగితే పళ్లెం ఖాళీ. ప్రాణం లేచొచ్చింది.

"తినేసినావా తల్లీ" అన్నాను.

"నేను తినలా నాయనా. మన రొయ్యలకి పంపించినా."

మంచం కింద వెతికాను. దుప్పట్లు దులిపాను, చెత్తబుట్ట బోర్లించాను. ఒక్క మెతుకు లేదు. పాప చేతికి సెలైన్ ఉంది, మంచం దిగే ఓపిక లేదు.

అంతలో శీనయ్య ఫోన్ చేశాడు. "ఏందన్నా, చెక్ ట్రేలో క్యారెట్లు ఏసిందెవురు? పనోళ్లు మేం కాదని ఒట్లేస్తా ఉండారు."

ఫోటో పెట్టమన్నాను. తడి వల మీద నారింజ రంగు నక్షత్రాలు. ప్రతిదానికీ ఒక కొన వంకర. వాడికి క్యారెట్ సంగతి నేను చెప్పలేదు, సునీతా చెప్పలేదు.

మేఘన ఫోటో చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పైగా కోపం వచ్చింది.

"అన్నం తిని క్యారెట్టు ఒదిలేసినాయే. ఎట్ట తినాల్నో నేను చూపిస్తా. అమ్మని ఇంకోటి తెమ్మను."

శీనయ్య వీడియో కాల్‌లో ఫోన్ నీళ్లవైపు పట్టుకుని నిలబడ్డాడు. మా పాప రొయ్యలకు పాఠం చెబుతూ, ఒక్కో నక్షత్రం నమిలి మింగింది. కిచిడీ కూడా తింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. గొట్టం అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మేఘన రెండో తరగతి. మందులైపోయాయి, పరీక్షలకు మాత్రం వెళ్లొస్తున్నాం. సెలవు రోజుల్లో చెక్ ట్రే తనే లాగి, మేత చాల్లేదని చిన్నాయన మీద కేకలేస్తుంది. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు లెక్క తేలడం లేదు.

మొన్న గట్టు మీద పాపనే అడిగాను, ఆ రోజు ఎట్ట పంపించినావని. నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసింది.

"తాడు కట్టింది నువ్వే గదా నాయనా."

కట్టింది నేనే. మంచం కడ్డీకే కట్టాననుకున్నాను.